దుంగకో లెక్క, పురుగుకో లెక్క

ఆగస్టు నెల. మధ్య ఆఫ్రికా అడవిలో వాన వెలిసి గంటయింది. అయినా ఒక పెద్ద చెట్టు కింద మాత్రం ఎండుటాకుల మీద టపటపమని సన్నగా చప్పుడు. తలెత్తి చూస్తే ఏమీ కనబడదు, నలభై మీటర్ల పైన ఆకుల గుబురు తప్ప. తల దించితే సంగతి తెలుస్తుంది. ఆకుల మీద మిరియాల్లా నల్లటి పెంటికలు రాలి ఉంటాయి. పైన గొంగళి పురుగులు మేత మీదున్నాయన్నమాట. ఆ దారిన పోయే మనిషి చెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని తన పని మీద వెళ్లిపోతాడు. ఇంకొన్ని రోజులాగితే పురుగులు వాటంతట అవే దిగొస్తాయని అతనికి తెలుసు. అప్పుడు ఇంటిల్లిపాదీ బుట్టలు, బకెట్లు పట్టుకుని వస్తారు.

ఆ చెట్టు సపెల్లి. ఆ పురుగు పెద్దయ్యాక రెక్కలొచ్చి ఎగిరే శలభం పేరు ఇంబ్రాసియా ఓయెమెన్సిస్. గాబన్ ఉత్తరాన ఓయెం అనే పట్టణం ఉంది. ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త రుజో 1955లో ఈ జాతిని వర్ణించి ఆ ఊరి పేరే దీనికి పెట్టాడు. అప్పటికి గాబన్ ఇంకా ఫ్రెంచి వలస పాలనలోనే ఉంది. కొందరు దీన్ని నుడౌరేలియా అనే ప్రజాతిలో చేరుస్తారు కాబట్టి పుస్తకాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. గాబన్, కామెరూన్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్, రెండు కాంగోలు (కాంగో రిపబ్లిక్, డీఆర్ కాంగో అని పిలిచే కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్), ఇంకా పడమటికి వెళ్తే ఐవరీ కోస్ట్, ఈ దేశాల వానాడవుల్లో ఇది బతుకుతుంది.

లాటిన్ పేరుతో అడవిలో ఎవరికీ పని లేదు. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో సపెల్లిని ఎంబోయో అంటారు. దాని మీది పురుగూ ఎంబోయోనే. పురుగును చెట్టు పేరుతోనే పిలుస్తున్నారంటే, వాళ్ల దృష్టిలో ఆ రెండూ వేర్వేరు కావు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే అదే చెట్టును కలప కంపెనీ ఘనపు మీటర్లలో కొలుస్తుంది. ఆ కొలతలో పురుగు లేదు.

తెలుగులో ఈ జీవికి సరిగ్గా అతికే మాట దొరకడం కష్టం. చిమ్మట అంటే కొందరికి రాత్రంతా అరిచే పురుగు, ఇంకొందరికి బీరువాలో పట్టుచీర కొరికేది. దీపం పురుగంటే దీపం చుట్టూ తిరిగే సమస్తమూ అందులోకే వస్తాయి. శలభం కాస్త పుస్తకాల మాటే అయినా, అయోమయం లేనిది అదొక్కటే.

నోరు లేని పెద్దరికం

ఈ శలభానికి తెలుగు నేల మీద ఒక దగ్గరి చుట్టం ఉంది, దసలి పట్టుపురుగు. తెలంగాణలో మహాదేవపూర్, చెన్నూరు వైపు అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచే ఆ పురుగుదీ, సపెల్లి పురుగుదీ ఒకటే కుటుంబం. శాస్త్రవేత్తలు దాన్ని సాటర్నిడే అంటారు. లావాటి ఒళ్లు, వెడల్పాటి రెక్కలు, రెక్కల మీద కళ్లలా కనిపించే గుండ్రటి మచ్చలు, ఇవీ ఈ ఇంటి పోలికలు. మీదికొచ్చిన పిట్టకు ఉన్నట్టుండి ఆ కళ్లు కనబడితే అది ఒక్క క్షణం వెనకాడుతుంది. తప్పించుకోవడానికి ఆ క్షణం చాలు.

ఈ కుటుంబంలో పెద్దయిన పురుగులకు పనికొచ్చే నోరు ఉండదు. పువ్వు మీద వాలి తేనె తాగే సీతాకోకచిలుక సుఖం వీటికి లేదు. కోశం (ప్యూపా) నుంచి బయటికొచ్చిన రోజు నుంచి చచ్చేదాకా, అంటే ఓ వారం పాటు, తిండి అన్నదే లేదు. ఆ వారంలోనే ఆడది గాలిలోకి ఒక వాసన వదలాలి. ఈకల్లా విచ్చుకున్న మీసాలతో మగది ఆ వాసన పట్టి చీకట్లో వెతుక్కుంటూ రావాలి. తర్వాత ఆడది గుడ్లు పెట్టడానికి సరైన చెట్టు చూసుకోవాలి. ఇంత పనికీ కావలసిన కొవ్వు, మాంసకృత్తులు ఎక్కణ్నుంచి వస్తాయి? గొంగళి పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకుల నుంచే. పెద్ద శలభం సంపాదన లేని రిటైర్డ్ ఉద్యోగి లాంటిది. చిన్నప్పుడు దాచుకున్నదే ఖర్చు పెడుతుంది, కొత్తగా జమయ్యేది ఏమీ ఉండదు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే, అడవి మనుషులు శలభాన్ని వదిలేసి గొంగళి పురుగు కోసమే ఎందుకు కాచుకుంటారో అర్థమవుతుంది. చివరి దశకు వచ్చిన పురుగంటే నిండిన గాదె. ఎగరడానికి, జతకట్టడానికి, గుడ్లకు అని దాచిన సరుకంతా ఆ ఒంట్లో సిద్ధంగా ఉంటుంది. దాన్ని తినే మనిషి నిజానికి ఒక శలభం జీవితకాలపు పొదుపును తింటున్నాడు.

ఆ పొదుపు ఒక్కసారిగా సమకూరేది కాదు. గుడ్డు పగిలి వచ్చిన పురుగు ఐదు దశల్లో పెరుగుతుంది. చర్మం సాగదు కనుక ఒళ్లు పెరిగినప్పుడల్లా పాత తోలు విడవాలి. అప్పుడు మేత మానేసి కదలకుండా పడుంటుంది. మన పట్టురైతులు దీన్నే పురుగు ‘జ్వరానికి వెళ్లింది’ అంటారు. జ్వరం తగ్గి లేచిన పురుగు ఆకలి మామూలుగా ఉండదు. చివరి దశలో అది తినే ఆకు ముందు దశలన్నిటిలో తిన్నదానికంటే చాలా ఎక్కువ. చెట్టు కింద వాన చప్పుడు వినబడేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

కడుపు నిండాక పురుగు చెట్టు దిగుతుంది. దసలి పురుగైతే కొమ్మకే గట్టి గూడు కట్టుకుంటుంది, ఆ కాయ నుంచే మనం దారం తీస్తాం. ఇంబ్రాసియా గూడు కట్టదు. నేలలోకి దూరి మట్టిలోనే కోశంగా మారుతుంది. అందుకే దాని నుంచి పట్టు రాదు, దాన్ని పట్టు కోసం పెంచాలన్న ఆలోచనా రాలేదు. చుట్టాలే అయినా ఒకటి చీరైంది, ఇంకొకటి కూరైంది.

చెట్టు దిగి మట్టిలో దూరే లోపు ఉన్న ఆ కాస్త వ్యవధే మనిషికి దొరికే అవకాశం. దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా వైపు పేరుపడ్డ మోపానె పురుగు కూడా ఈ కుటుంబానిదే కానీ దాని చెట్టు పొట్టిది, చెయ్యి చాచి కోసుకోవచ్చు. సపెల్లి కొమ్మ అందేది కాదు. ఎక్కగలిగినవాళ్లు ఎక్కుతారు, మిగతావాళ్లు కాచుకుంటారు. ఒకరోజు ఆలస్యమైతే పురుగులు మట్టిలో ఉంటాయి. రెండ్రోజులు ముందే వెళ్తే చెట్టు మీదే ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ టైమింగ్ తెలిసినంతగా ఏ కేలండర్‌కూ తెలియదు.

కూర సంగతి

తెచ్చిన పురుగులను ఆడవాళ్లు ఒక్కొక్కటిగా పట్టుకుని నొక్కి పేగులోని ఆకు పసరు బయటికి పిండేస్తారు. అది ఉంటే చేదు. తర్వాత కడిగి, ఉప్పేసి ఉడకబెడతారు. ఒంటి మీద ముళ్లలాంటివి ఉంటే నిప్పు మీద చూపిస్తారు. ఆ పూటకు కావలసినవి కూరలోకి, మిగతావి ఎండలోకో పొగ మీదకో వెళ్తాయి. వేరుశనగ ముద్ద, పామాయిల్, సన్నగా తరిగిన కోకో అనే అడవి ఆకు వేసి వండితే చిక్కటి పులుసు. పక్కన కర్రపెండలం పిండితో చేసిన గోజో ఉంటుంది. మన సంగటి ముద్ద చూసినవాళ్లకు గోజోను వర్ణించనక్కర్లేదు.

పురుగుల కూర అనగానే ముఖం చిట్లించేవాళ్లు తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను గుర్తుచేసుకోవచ్చు. రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో వాటిని పట్టి, రెక్కలు చెరిగి, వేయించి తిన్న తరాలు ఇంకా ఉన్నాయి. తినే పద్ధతి ఎక్కడైనా ఒకటే. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రం ఉచితంగా దొరికే కొవ్వును వదులుకోవడానికి ఆకలి తెలిసిన ఏ ఊరూ ఒప్పుకోదు.

తేడా ఏమిటంటే, మధ్య ఆఫ్రికాలో ఇది అప్పుడప్పుడూ తినే చిరుతిండి స్థాయి దాటిపోయింది. పురుగులను సాంగో భాషలో మకోంగో అంటారు, లింగాలాలో ఎంబింజో. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బంగీ సంతలోనూ, డీఆర్ కాంగో రాజధాని కిన్షాసా సంతలోనూ వీటికంటూ వరసలున్నాయి. కిన్షాసాలో ఒక్కో కుటుంబం వారానికి సగటున 300 గ్రాముల పురుగులు తింటుందని, నగరం మొత్తానికి ఏడాదికి 96 టన్నులు అవుతుందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013 నాటి నివేదికలో ఒక పాత అంచనాను ఉటంకించింది. అందులో సపెల్లి పురుగు ఒక భాగమే. పదుల రకాలున్నాయి. ఎండినవి విమానమెక్కి పారిస్, బ్రసెల్స్ చేరి అక్కడి ఆఫ్రికన్ దుకాణాల్లో అమ్ముడవుతాయి. ఊరు విడిచినవాళ్లకు ఊరి రుచి ఎంత ఖరీదైనా కొనాలనిపిస్తుంది. అమెరికాలో గోంగూర వెతుక్కునేవాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

పోషక విలువల గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. అదే సంస్థ 2004లో చెప్పిన లెక్క ప్రకారం 100 గ్రాముల ఎండు పురుగుల్లో సుమారు 53 గ్రాముల ప్రొటీన్, 15 గ్రాముల కొవ్వు, 17 గ్రాముల పిండి పదార్థాలు, 430 కేలరీల శక్తి ఉంటాయి. ఈ ప్రొటీన్ అంకెను పచ్చి మాంసం పక్కన పెట్టి ‘మాంసం కంటే రెట్టింపు’ అని ఊదరగొట్టే రాతలు చాలానే వచ్చాయి. అది సరైన పోలిక కాదు. నీరంతా పోయిన సరుకును నీరున్న సరుకుతో పోలిస్తే ఏదైనా గొప్పగానే కనిపిస్తుంది. ఎండు పురుగును ఎండుచేపతో పోల్చాలి. అప్పుడు రెండూ ఇంచుమించు ఒకే వరసలో నిలుస్తాయి. కందిపప్పులో ప్రొటీన్ 22 గ్రాముల దగ్గర ఉంటుంది కనుక పప్పు కంటే మాత్రం పురుగు స్పష్టంగా ముందుంది. పశువులను పెంచడం కష్టమైన, చేప అన్ని నెలల్లోనూ దొరకని అడవి ఊళ్లలో అదేమీ తక్కువ సంగతి కాదు.

డీఆర్ కాంగోలో ఈ పోషకాల మీద ఒక గట్టి పరీక్షే జరిగింది. ఈక్వేటర్ ప్రావిన్స్‌లో ఆరు నెలల పసివాళ్లకు ఏడాది పాటు, అంటే పద్దెనిమిది నెలల వయసు దాకా, గొంగళి పురుగుల పొడి కలిపిన ఉగ్గు పెట్టి చూశారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఎత్తు పెరగడంలో తేడా రాలేదు. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉన్నారు. రక్తహీనత దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. పురుగుల ఉగ్గు తిన్నవాళ్లలో 26 శాతం, తిననివాళ్లలో 50 శాతం. పురుగు అన్ని రోగాలకూ మందు అని ఈ పరీక్ష చెప్పలేదు. ఇనుము అందుతోందని చెప్పింది, అందుకే దాన్ని నమ్మాలనిపిస్తుంది.

అన్ని పురుగులూ ఒకటి కాదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నైజీరియా నైరుతి ప్రాంతంలో అనాఫె వెనాటా అనే వేరే జాతి పురుగును తిన్నవాళ్లలో కొందరికి ఏటా అదే సీజన్‌లో వణుకు, నడక తూలడం వచ్చేవి. ఆ పురుగులో బి1 విటమిన్‌ను విరిచేసే ఎంజైమ్ ఉందని, అది వంట వేడికి కూడా లొంగదని తర్వాత తేలింది. కర్రపెండలమే తప్ప ఇంకేమీ తినని పేదవాళ్లకు అసలే ఆ విటమిన్ కొరత, దాని మీద ఈ దెబ్బ. ఏది తినాలో, దేన్ని ఎలా వండాలో తరతరాల అనుభవం చెబుతుంది. ఆ అనుభవం కూడా ఒక్కోసారి ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది.

వేప చుట్టం

ఇక చెట్టు దగ్గరికి వద్దాం, ఎందుకంటే పురుగు కథ తేలేది అక్కడే. సపెల్లి శాస్త్రీయ నామం ఎంటాండ్రోఫ్రాగ్మా సిలిండ్రికం. మన వేప ఏ కుటుంబానిదో ఇదీ ఆ కుటుంబానిదే, మహాగని కూడా వీటి బంధువే. చిలవలు పలవలు లేకుండా స్తంభంలా నిటారుగా లేచి, 45 మీటర్లు, ఒక్కోచోట ఇంకా పైకి వెళ్తుంది. నైజీరియాలో సపెలె అనే రేవు పట్టణం నుంచి ఒకప్పుడు ఈ దుంగలు ఓడలెక్కేవి. ఆ ఊరి పేరే ప్రపంచ మార్కెట్లో చెట్టు పేరైపోయింది. సొంత గడ్డ మీద ఒక్కో చోట ఒక్కో పేరు: కామెరూన్‌లో అసియే, డీఆర్ కాంగోలో లిఫాకి, ఐవరీ కోస్ట్‌లో అబుదిక్రో.

ఎర్రటి గోధుమ రంగు, నిలువునా చారలుగా మెరిసే గీత, మహాగనికి దగ్గరి అందం, దానికంటే తక్కువ ధర. తలుపులు, ఫ్లోరింగ్, ఫర్నిచర్, గిటార్ల వెనక పలకలు, అన్నిటికీ పనికొస్తుంది. కాంగో లోయ నుంచి ఎగుమతయ్యే కలపలో ముందు వరసలో ఉండేవాటిలో ఇదొకటి. స్థానికులకూ కలప తెలియని విషయమేమీ కాదు. నదిలో తిరిగే తొట్టి పడవలను ఈ మానులోనే తొలిచేవాళ్లు. తినడానికి పురుగు, తిరగడానికి పడవ, ఒకే చెట్టు నుంచి. కాకపోతే ఊరు ఒక పడవ కోసం ఒక చెట్టు కొట్టుకుంటుంది. కంపెనీ కొట్టేది ఆ అవసరం కోసం కాదు, ఆ లెక్కనా కాదు.

అలాగని కంపెనీలు అడవిని గుండు గీసేస్తున్నాయనుకుంటే పొరపాటు. అక్కడ జరిగేది ఏరి కొట్టడం. హెక్టారుకు ఒకటో రెండో చెట్లు, చాలాచోట్ల అంతకంటే తక్కువే పడతాయి. విమానం నుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. ఏనుగు, గొరిల్లా కూడా ఉండొచ్చు. పోయింది సపెల్లి ఒక్కటే. అన్ని చెట్లలో ఈ పురుగు ఎక్కువగా కూర్చునేది దాని మీదే కాబట్టి, ఊరి దృష్టిలో అది అడవి మొత్తం పోయినంత పని. ‘అడవి అలాగే ఉంది కదా’ అనే కంపెనీ అధికారి మాటా నిజమే, ‘మా అడవి పోయింది’ అనే ఊరి మనిషి మాటా నిజమే.

ఏ చెట్టు కొట్టొచ్చో చెప్పడానికి ప్రతి దేశమూ ఒక గీత గీసింది. మాను అడ్డుకొలత ఇంత దాటాలి. సపెల్లికి కామెరూన్‌లో 100 సెంటీమీటర్లు, రెండు కాంగోల్లో 80. చిన్న చెట్లను కాపాడటానికి పెట్టిన మంచి నిబంధనే ఇది. కానీ పురుగు వైపు నుంచి చూస్తే తలకిందులుగా ఉంటుంది. పెద్ద మాను అంటే పెద్ద గుబురు, పెద్ద గుబురంటే ఎక్కువ ఆకు, ఎక్కువ ఆకంటే ఎక్కువ పురుగులు. పాలిచ్చే ఆవునే సంతకు తోలాలి, పెయ్యను ముట్టుకోవద్దు అన్నట్టుంది వ్యవహారం. కలపకు చెట్టు ఎప్పుడు పక్వానికి వస్తుందో, పురుగుకూ సరిగ్గా అప్పుడే వస్తుంది.

కొట్టినా మళ్లీ పెరుగుతుంది కదా అంటే, కాలం లెక్క వేయాలి. సహజ అడవిలో సపెల్లి మాను ఏటా లావయ్యేది దాదాపు అర సెంటీమీటరు. ఆ చొప్పున 80 సెంటీమీటర్ల చెట్టు వయసు 160 ఏళ్లు, 100 సెంటీమీటర్లదైతే 200. కామెరూన్‌లో ఒకసారి కొట్టిన చోటికి కంపెనీ తిరిగి వచ్చేది 30 ఏళ్లకు. ముప్పై ఏళ్లలో చెట్టు లావయ్యేది 15 సెంటీమీటర్లు. అంటే రెండో విడతలో 100 దాటాలంటే ఇవాళ 85 ఉండాలి. అలాంటి చెట్లు చాలినన్ని ఉంటే సరే. సపెల్లి పిల్లకు వెలుతురు కావాలి, దట్టమైన నీడలో అది పైకి రాలేదు. అందువల్ల చాలా అడవుల్లో తాతలు ఎక్కువ, మనవలు తక్కువ. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఈ చెట్టు ప్రమాదపు అంచున ఉన్న జాతిగా నమోదైంది.

పురుగు పంట ఏటా వస్తుంది, ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. దుంగ ఒక్కసారే. చెట్టును నూటయాభై ఏళ్లు వాడుకోవడం, ఒక్క పూటలో వాడేసుకోవడం అనే ఈ రెండు పద్ధతుల్లో దేనికి ఎక్కువ విలువ అన్నది పైకి కనిపించినంత తేలిక ప్రశ్న కాదు. దుంగకు బిల్లు ఉంది, పన్ను ఉంది, రేవులో తూకం ఉంది, ప్రభుత్వ గణాంకాల్లో వరస ఉంది. పురుగు బుట్టలోంచి నేరుగా కుండలోకి, లేదా గ్లాసుల లెక్కన సంతలోకి వెళ్తుంది. రసీదు లేనిది ఆదాయం కాదనుకునే లెక్కల పద్ధతిలో దాని విలువ సున్నా. ఆ సున్నాను ఎదురుగా పెట్టుకుని చర్చకు కూర్చుంటే ఊరు ఎప్పుడూ ఓడిపోతుంది. ఈ మొత్తం వ్యవహారంలో అన్యాయం ఎక్కడుందని అడిగితే, గొడ్డలి కంటే ముందు ఆ లెక్కల పుస్తకాన్ని చూపించాలి.

బొమ్మల మిషన్

ఆ పుస్తకంలో పురుగును ఎక్కించే ప్రయత్నాలు కొన్ని జరిగాయి. అందులో కాంగో రిపబ్లిక్ ఉత్తరాన పొకొలా చుట్టుపక్కల జరిగినది చెప్పుకోదగ్గది. అక్కడ పెద్ద కలప కంపెనీ ఒకటి బాధ్యతాయుత అటవీ నిర్వహణకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువపత్రం కోసం ప్రయత్నించింది. కాబో అనే అటవీ విభాగానికి 2006లో అది వచ్చింది. అది రావాలంటే అడవిలో ఉండేవాళ్ల హక్కులకు భంగం రాకూడదు. అడవిలో ఉండేది ఎంబెంజెలె ప్రజలు, వేట, సేకరణ మీద బతికే సంచార కుటుంబాలు. చదువు రాదు, మ్యాపు చదవడం అసలే రాదు. కానీ ఏ చెట్టు మీద పురుగు పడుతుందో, ఎవరి సమాధి ఎక్కడుందో, ఏ మడుగులో చేప దొరుకుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అప్పుడు తయారుచేసిందే బొమ్మల మిషన్. అరచేతిలో ఇమిడే జీపీఎస్ పరికరం. తెర మీద అక్షరాలు ఉండవు, చిన్న చిన్న బొమ్మలుంటాయి. సపెల్లి చెట్టు దగ్గర నిలబడి గొంగళి పురుగు బొమ్మ నొక్కితే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదైపోతుంది. అలా అడవంతా తిరిగి తమ చెట్లను తామే మ్యాపులోకి ఎక్కించారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ మానవ శాస్త్రవేత్త జెరోమ్ లూయిస్ ఈ పనిలో ఉన్నాడు. మిషన్ ఎంత బాగా పనిచేసిందన్నది ఒక సంగతి, అసలు విశేషం ఇంకొకటి. అప్పటిదాకా కంపెనీ సర్వేలో ‘సపెల్లి, ఇంత లావు’ అని మాత్రమే ఉన్న చుక్క పక్కన మొదటిసారి ఇంకొక చుక్క చేరింది. ఒకే చోట రెండు చుక్కలు పడితే మాట్లాడుకోక తప్పదు.

మాట్లాడుకున్నంత మాత్రాన అన్నీ తేలిపోవు. ఊరు చూపించే మంచి పురుగు చెట్టు, కంపెనీ చూసుకున్న మంచి దుంగ చాలాసార్లు ఒకటే. ఎన్ని వదలాలి, ఏవి వదలాలి అన్న బేరం ప్రతి సీజన్‌లోనూ కొత్తగా నడవాల్సిందే. డీఆర్ కాంగోలో 2002 అటవీ చట్టం వచ్చాక కంపెనీలు ఊళ్లతో సామాజిక ఒప్పందాలు రాసుకోవాలన్న పద్ధతి వచ్చింది. వాటిలో సాధారణంగా కనిపించేది బడి గది, ఆరోగ్య కేంద్రం, రోడ్డు. అవీ కావలసినవే. కానీ గోడ కట్టించడం తేలిక, ఫొటో కూడా బాగా వస్తుంది. చెట్టు కొట్టకుండా వదిలేశామంటే ఫొటో తీయడానికి ఏముంటుంది, ఎప్పుడూ ఉన్న చెట్టే కదా.

డీఆర్ కాంగోలోనే కిసంగాని నగరం సమీపంలోని కలప అడవుల్లో కాంగో పరిశోధకులు సపెల్లినీ, దానితోపాటు తాలి అనే ఇంకొక పురుగుల చెట్టునూ కలిపి పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. తాలి మీద పెరిగేది సిరీనా ఫోర్డా అనే ఇంకో శలభం పురుగు. కలప తీస్తూనే పురుగుల పంటను నిలబెట్టగలమా అన్నదే వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న అడగడమే పెద్ద అడుగు, ఎందుకంటే అంతకుముందు కలపవాళ్లు కలపను, పోషకాహారంవాళ్లు పురుగును విడివిడిగా చూసుకునేవాళ్లు. ఒక్క చెట్టును ఇద్దరూ కలిసి కొలవడం అరుదు.

ఇక్కడ దూరం అన్న విషయం తెర వెనక ఉండిపోతుంది కానీ దానిదే అసలు పెత్తనం. పిల్లను వీపున కట్టుకుని, బుట్ట మోసుకుని ఒక ఆడమనిషి పొద్దున బయల్దేరి చీకటిపడే లోపు తిరిగి రాగలిగినంత దూరమే ఆ ఊరి పురుగుల అడవి. ముప్పై కిలోమీటర్ల అవతల వంద సపెల్లిలు భద్రంగా ఉన్నా ఆ ఊరికి ఒరిగేదేమీ లేదు. అందుకే దేశం మొత్తానికి ఒకే గీత గీసి, ఇంత లావు దాటితే కొట్టొచ్చు అనడం కంటే, ఊరి చుట్టూ నడవగలిగిన మేర పెద్ద సపెల్లిలను వదిలేయడం, పురుగు చెట్టు మీదున్న వారాల్లో అటువైపు కోత ఆపడం ఎక్కువ అర్థవంతం. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కంపెనీ అడవి విస్తీర్ణంతో పోలిస్తే ఊళ్ల చుట్టూ ఉన్న ఆ వలయాలు చిన్నవి.

తప్పంతా ఒక్క వైపే ఉందనడం కూడా నిజం కాదు. పురుగుల కోసమే చెట్టు కొట్టేసే ఊరివాళ్లున్నారు, ఎక్కడం ఎందుకులే అని. కంపెనీ కోసం వేసిన రోడ్డు మీదుగా వచ్చి, సంచులకొద్దీ పురుగులు కొనుక్కుపోయే వ్యాపారులున్నారు. వాళ్ల వల్ల ఊరికి డబ్బొస్తుంది, అడవి మీద ఒత్తిడీ వస్తుంది. ఇక అనుమతి, కొలత, ధ్రువపత్రం ఏదీ లేకుండా రంపపు మిషన్‌తో వచ్చి రాత్రికి రాత్రి పలకలు కోసుకుపోయేవాళ్లున్నారు. బొమ్మల మిషన్‌లో పెట్టిన చుక్కను వాళ్లు చూడరు.

ఒక సపెల్లి పడిపోయాక ఏమవుతుందో శలభం వైపు నుంచి చూస్తే, అది ఆ రోజే తెలియదు. కిందటి సీజన్‌లో దిగిన పురుగులు కొన్ని బుట్టల్లో పడకుండా తప్పించుకుని ఆ చెట్టు కింది మట్టిలో కోశాలుగా ఉంటాయి. దుంగను లాగేసిన దారిలో ట్రాక్టర్ చక్రాల కింద నలిగినవి నలగ్గా మిగిలినవి టైముకు పైకి వస్తాయి, రెక్కలు ఆరబెట్టుకుంటాయి. మగది వాసన పట్టుకుని వస్తుంది. ఆడదాని పొట్ట నిండా గుడ్లు, చేతిలో ఉన్నది ఓ వారం, తినడానికి నోరు లేదు. పెద్ద సపెల్లి హెక్టారుకు ఒకటి కూడా ఉండని ఆ అడవిలో, ఇంకొక సపెల్లి ఎంత దూరంలో ఉందన్నదాని మీద వచ్చే ఆగస్టులో ఆ ఊళ్లో ఎన్ని బుట్టలు నిండుతాయన్నది ఉంటుంది.